వేడి వేడి వారంటీ

ఆ రోజు దయాకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే బ్యాటరీలు ఛార్జింగు పెట్టాలి, లెన్సు తుడవాలి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాలి, సాయంత్రం ఐదింటికి ఉప్పల్‌లోని ఫంక్షన్ హాల్లో అచ్యుతరావుగారి అమ్మాయి నిశ్చితార్థానికి ఫొటోలు తీయాలి. మూడు నెలల మూఢం గడిచాక వచ్చిన మొదటి ఆర్డరు అది. బాగా చేస్తే పెళ్లి ఆర్డరు కూడా అతనిదే. చెడగొడితే మాత్రం, నాచారంలో ఫొటోగ్రాఫర్లకేం కరువు?

మూఢంలో ముహూర్తాలు లేవు కాబట్టి కెమెరా కూడా బ్యాటరీ లేకుండా బీరువాలో పడుకుంది. ఇప్పుడు బ్యాటరీ వేసి మీట నొక్కగానే తెర నిండా జపాను అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆపి మళ్లీ నొక్కాడు. మళ్లీ అవే అక్షరాలు. ఆ కెమెరాకు మొదటి నుంచీ జపాను భాష తప్ప ఇంకో భాష రాదు. దయాకర్ "కిందికి మూడు, కుడికి రెండు" అంటూ మీటల లెక్క బట్టీపట్టి నెట్టుకొస్తున్నాడు. ఈ అక్షరాలు ఆ లెక్కలో లేవు. పైగా అమ్మినవాడు చెప్పిన మాట ఒకటి చెవిలో గింగిర్లు తిరుగుతోంది. "తెల్వకుండ ఏదన్న నొక్కినవో, ఖతం. ఇండియాల దాన్ని ఎవ్వడు ముట్టడు."

అమ్మినవాడంటే షోరూము వాడు కాదు. విదేశాల నుంచి సూట్‌కేసులో కెమెరాలు తెచ్చి చౌకగా అమ్మే మనిషి. బిల్లు లేదు, వారంటీ లేదు. భార్య స్వర్ణలతకు మాత్రం దయాకర్ "షోరూముల కొన్న, మూడేండ్ల వారంటీ" అని చెప్పాడు. చెప్పక చస్తాడా? ఆవిడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగి. అంచు విరిగిన బిస్కెట్టు ఒక్కటి కనిపించినా మొత్తం సరుకు ఆపించే రకం. వారంటీ లేని వస్తువు గడప దాటి లోపలికి రాకూడదని ఆ ఇంట్లో చట్టం.

"ఏమైంది?" అంది స్వర్ణలత, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

"ఏం లేదు, జర సతాయిస్తున్నది. కోఠిల తెలిసినాయన ఉన్నడు, సూపిచ్చుకొస్త."

"వారంటీ ఉండంగ కోఠి ఎందుకు? పద, నేను గూడ వస్త."

"నీకు డ్యూటీ..."

"లీవ్ పెడ్త. ఇయ్యాల అది బాగు గాకుంట నేను ఇంటికి రాను."

ఉప్పల్‌లోని సర్వీస్ సెంటర్‌లో మధ్యాహ్నం దాకా వరసలో నిలబడ్డాక కౌంటరు అమ్మాయి తల కూడా ఎత్తలేదు. "బిల్లు ఉంటేనే కెమెరా బయటికి తీయండి సార్," అంది. దయాకర్‌కు ప్రాణం లేచి వచ్చింది. బిల్లు లేదు కాబట్టి ఇంటికి పోవచ్చు.

"బిల్లు దుకాణంలనే మర్శిపోయిన," అన్నాడు.

"ఏ దుకాణం?" అంది స్వర్ణలత.

నోట్లోంచి ఠక్కున "తిరుపతి దుకాణం, నాచారంల" అని వచ్చేసింది. తిరుపతి అతని స్నేహితుడు, ఫ్లెక్సీలు ప్రింట్ చేస్తాడు. స్వర్ణలత అతన్ని ఎన్నడూ చూడలేదన్న ధైర్యం ఒక్కటే ఆ మాటకు ఆధారం. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

దయాకర్ మంచినీళ్ల వంకతో పక్కకు పోయి ఫోన్ చేశాడు. "అరే తిరుపతీ, అర్ధగంట కెమెరాల షాపువాని లెక్క ఉండు. ఒక బిల్లు కొట్టు. నా సంసారం నీ చేతిల ఉన్నది."

"ఫికర్ జెయ్యకన్నా, నేనున్న గద," అన్నాడు తిరుపతి. ఏ పనైనా సగం చేసే అలవాటు అతనికి లేదు. అదే కొంప ముంచింది.

వీళ్లు వెళ్లేసరికి దుకాణానికి పది అడుగుల కొత్త ఫ్లెక్సీ వేలాడుతోంది. నల్ల కళ్లద్దాలతో, చేతులు జోడించిన తిరుపతి ఫొటో. పక్కన "తిరుపతి కెమెరా హౌస్. ఎక్కడ కొన్నా వారంటీ మాది!" అని ఎర్రక్షరాలు. దాన్ని నమ్మి చంద్రయ్య అనే పెద్దాయన కాలిపోయిన మిక్సీతో అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రా వదినా, కూసో," అన్నాడు తిరుపతి.

"నన్ను ఎన్నడన్న సూసినవా? వదిన ఎట్లయిన?"

"మాకు కస్టమర్లందరు వదినలే," అంటూ తిరుపతి బిల్లు చేతికిచ్చాడు.

స్వర్ణలత కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "ఆర్నెల్ల కిందటి బిల్లు గింత వేడిగున్నదేంది?"

"కంప్యూటర్ల నుంచి తీసిన కాపీ వదినా. అసలుది ఆఫీసుల ఉన్నది."

"సరే. కాపీ మీద రాయి. మూడేండ్లు దీనికి ఏమొచ్చినా జిమ్మేదారి నాదే అని. సంతకం పెట్టు. ముద్ర గుద్దు."

తిరుపతి దయాకర్ వైపు చూశాడు. దయాకర్ సీలింగు ఫ్యాన్ వైపు చూశాడు. సంతకం పడింది, ముద్ర పడింది. స్వర్ణలత కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇగ బాగుజేసియ్యి. లేకుంటే నాలుగింటికల్ల ఇంకో కెమెరా ఇయ్యి. ఐదింటికి ఫంక్షనున్నది."

"నా మిక్సీ ముందుగాల తెచ్చిన్నమ్మా," అన్నాడు చంద్రయ్య.

గడియారం రెండున్నర చూపిస్తోంది. అబద్ధం నిలబడిందని సంతోషించాలో, ఆర్డరు పోతోందని ఏడవాలో దయాకర్‌కు తెలియలేదు. సరిగ్గా అప్పుడు, నిశ్చితార్థానికి చెప్పిన స్వాగతం ఫ్లెక్సీ తీసుకుపోదామని సాక్షాత్తూ అచ్యుతరావుగారే లోపలికి వచ్చారు. మౌలాలిలో కాపురముంటున్న రిటైర్డ్ రైల్వే ఇంజనీరు.

"ఏమయ్యా తిరుపతీ, నిన్నటిదాకా ఫ్లెక్సీల షాపే కదా? రాత్రికి రాత్రే కెమెరాలేమిటి? ఓహో, దయాకర్ గారూ! మీరూ ఇక్కడే ఉన్నారే. అదేమిటి, పాడైందా?"

ఆయన కళ్లజోడు సవరించుకుని కెమెరా తెర మీదికి తన ఫోన్ పట్టారు. "నేను మందుల పెట్టెల మీద రాతలు కూడా ఇలాగే చదువుతానండీ. ఏ భాషైనా ఇది తెలుగు చేసి పెడుతుంది. ఆఁ, వచ్చింది. 'ప్రాంతం, తేదీ, సమయం నింపండి.' అంతేనండీ! ఇవాళ తేదీ ఎంతని అడుగుతోంది."

మూడు నెలలు బ్యాటరీ లేక పడుకున్న కెమెరా లేచి తేదీ అడిగింది. దానికోసం ఊరంతా తిరిగారు. దయాకర్ తేదీ నింపాడు. కెమెరా టిక్కుమంది. ఆ చప్పుడుకు అతనికి కళ్లనీళ్లు ఆగలేదు.

అచ్యుతరావుగారికి ఉత్సాహం ఆగలేదు. కెమెరాను బోర్లా తిప్పి అడుగున ఉన్న చీటీ మీద కూడా ఫోన్ పెట్టారు. "'జపానులో మాత్రమే అమ్మకానికి. వారంటీ జపానులో మాత్రమే.' భలే, మీరు జపాను వెళ్లి కొన్నారా?"

స్వర్ణలత భర్త వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"మూడేండ్లు పొద్దున లేస్తే భయపడుదామని కొన్నవా? ముందుగాల ఫంక్షన్ సూడు పో. ఆ సారుకు ఒక్క ఫొటో గూడ తక్కువ రావద్దు."

నిశ్చితార్థం ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. హాల్లోనే అచ్యుతరావుగారు పెళ్లి ఆర్డరు ఖాయం చేశారు. మర్నాడు పొద్దున్నే తిరుపతి ఇంటికి వచ్చి చేతులు జోడించాడు. ఈసారి కళ్లద్దాలు లేవు.

"వదినా, నిన్నటి కాగితం ఉత్తుత్తది. జర వాపస్ ఇయ్యరాదు."

"సంతకం నీదేనా?"

"నాదే."

"ముద్ర?"

"నాదే వదినా."

"మరి ఉత్తుత్తది ఎట్లయితది? మా ఇంట్ల వారంటీ లేని వస్తువు ఉండది. కెమెరా ఉండాల్నంటే నువ్వు ఉండాలె." స్వర్ణలత ఆ కాగితాన్ని అప్పటికే లామినేషన్ చేయించింది.

నాచారంలో కెమెరాలకు వారంటీ ఇచ్చే ఫ్లెక్సీల షాపు ఇప్పటికైతే అదొక్కటే.