పొగ రాని ఇల్లు

సర్కారు ఇచ్చే పొగ రాని కొత్త హీటరు కావాలంటే ముందు ఇంటి కాగితాలు చూపించాలి. పైకప్పు సందులు పూడ్పించాలి. కరెంటు మీటరు మార్చమని అర్జీ పెట్టాలి. పాత కిరోసిన్ హీటరు అప్పగించి, దాన్ని తుక్కు చేశారన్న రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వెచ్చగా కూర్చోవాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి ఇవన్నీ వరుస తప్పకుండా చేశాను, చివరిది తప్ప.

అయినా చెబుతున్నాను, రాసి పెట్టుకోండి: లోకంలోకెల్లా పరిశుభ్రమైన హీటరు ఇంకా కరెంటు కనెక్షన్ ఇవ్వని హీట్ పంపు యంత్రమే!

మే నెలలో పాత హీటరును లారీ ఎక్కించారు. జూన్‌లో కొత్త హీట్ పంపు పెట్టె తెచ్చి పెరటి గోడకు బిగించారు. మీటరు మారందే దానికి కనెక్షన్ ఇవ్వరు, ఆ మార్చేవాళ్లు మాత్రం రాలేదు. మా తెముకో ఊళ్లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలం మొత్తంలో మా ఇంటి నుంచి పిసరంత పొగ వచ్చిందా? గాలిని ఇంతకన్నా శుభ్రంగా ఉంచిన కుటుంబం చిలీ దేశంలో ఉందా?

ఫ్రిజ్ అక్కర్లేదు, పాలు బల్ల మీదే నిలవుంటాయి. చుట్టాలు టీ చల్లారకముందే లేచిపోతారు. ఏళ్లుగా పలకరింపుల్లేని మా అమ్మా పిన్నీ ఒకే దుప్పటి కిందికి చేరారు! ఏ చర్చి ఫాదర్ చేయగలిగాడు ఈ పని?

కొందరికి కృతజ్ఞత ఉండదు. కిరోసిన్ ఆవిరికి ఊపిరితిత్తులు పాడైన మా అమ్మమ్మ క్లోరిందా కోసమే ఇదంతా. పాత హీటరు మీద ఆమె ఎప్పుడూ సువాసనకు నారింజ తొక్క పెట్టేది. ఇప్పుడు ఆ తొక్కను తీసుకెళ్లి పెరట్లో పెట్టె మీద పెట్టింది.

"ఒరేయ్ డిగ్రీ! పొయ్యిని ఇంటి బయట పెట్టారేంట్రా? ఎవరికి వెచ్చదనం, కుక్కకా?"

"బయటి గాలిలో ఉన్న వేడిని అది లోపలికి లాగుతుంది అమ్మమ్మా."

"బయట వేడుందా? ముందే చెప్పొద్దూ! కుర్చీ అక్కడే వేసుకునేదాన్నిగా!"

హీటర్లు ఇచ్చే సర్కారు ఆఫీసుకు ఫోన్ చేశాను.

"మా కంప్యూటర్లో మీ ఇల్లు జూన్ నుంచీ వెచ్చగానే ఉంది బాబూ," అందొకావిడ.

"మరి మాకు చలేస్తోంది మేడమ్?"

"అది మా విభాగం కాదు."

ఆగస్టులో అమ్మమ్మకు న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రి వార్డు గోడకు అదే రకం యంత్రం, పొగా వాసనా లేకుండా వెచ్చటి గాలి వదులుతోంది. అమ్మమ్మ దానికేసి చాలాసేపు చూసింది.

"మంచిదేరా ఇది," అంది ఆయాసపడుతూ. "మనింట్లోదాన్ని కూడా వెలిగించమను."

మంచిదే. నేను మాత్రం కాదన్నానా? కొత్తది వెలిగాక పాతది పట్టుకెళ్లి ఉంటే సరిపోయేది. కానీ అప్పుడు మా ఇల్లు ఇంత పరిశుభ్రంగా ఉండేది కాదు కదా!

పెరట్లో పెట్టె మీద నారింజ తొక్క గడ్డకట్టి ఇంకా అక్కడే ఉంది. పాత హీటర్లను లారీ ఎక్కించే కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కలం మూత తీసే ముందు మా అమ్మమ్మ క్లోరిందాను ఒక్కసారి తలుచుకోండి.