పుల్లలు పెట్టిన మాస్టారు

శుక్రవారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం తెల్లారేలోగా భార్య సైకిలుకి తన చేత్తో రెండు కొత్త చక్రాలు కట్టాలి. అంతే. ఇందులో ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకునేంత విశేషం ఏముందో ఆయనకి ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ నర్సు. ఎనిమిది నెలల క్రితం ఎనభై నాలుగు కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి బదిలీ అయింది. నెలకో ఆదివారం వస్తుంది. అంతకుముందు రోజూ పొద్దున్నే ఇద్దరూ చెరో సైకిలు మీద నాలుగు రోడ్ల కూడలి దాకా కలిసి వెళ్ళేవారు. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆ ఇరవై నిమిషాల్లో దొర్లిన కబుర్లు మిగతా రోజంతా కలిపినా ఉండేవి కావు. ఇప్పుడు ఆవిడ సైకిలు తుప్పు పట్టి మూలన కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా మాస్టారికి గుండెల్లో కలుక్కుమనేది. నెలకి ఒక్కసారైనా ఆ ఇరవై నిమిషాలు దొరికితే చాలనుకున్నారు.

"రెడీమేడ్ చక్రాలున్నాయి కదా మాస్టారూ, అరగంటలో బిగించేస్తా," అన్నాడు సైకిలు షాపు ముసలాయన.

"వద్దయ్యా. ఆవిడ ఎక్కేది నేనే కడతాను. విడి సామాన్లియ్యి."

మాస్టారు ఇనప రిమ్ములు పక్కన పెట్టించి, తుప్పు పట్టని అల్యూమినియంవి ఏరుకున్నారు. మధ్యలో బిగించే హబ్బుల్లో బాగా తళతళలాడేవి ముచ్చటపడి తీశారు. ముసలాయన రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

"రిమ్ముకి ముప్పై ఆరు కన్నాలు, హబ్బుకి ముప్పై రెండు. మిగిలిన నాలుగు పుల్లలూ ఎక్కడ తగిలిస్తారు, లెక్కల మాస్టారూ?"

మాస్టారు నాలిక్కరుచుకున్నారు. సరైన హబ్బులు, హబ్బునీ రిమ్మునీ కలిపే డెబ్భై రెండు స్టీలు పుల్లలు, వాటిని బిగించే చిన్న కీ పుచ్చుకుని బయటపడ్డారు. బెండు చూసే స్టాండు మాత్రం కొనలేదు. సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, తిరిగే రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటే సరి, ఎక్కడ గీత పడితే అక్కడ బెండు. సుద్దముక్కలకి ఆయన దగ్గర కరువా?

మాస్టారుండేది మేడ మీద. కింద ముందు వాటాలో భార్యకి అక్కగారు, అంటే ఆయన వదినగారు. వెనక వాటాలో టైలరమ్మ. బట్టలారేసే తాడు దగ్గర తగువొచ్చి ఈ ఇద్దరికీ వారం రోజులుగా మాటల్లేవు. చక్రాల సంగతి భార్య చెవిన పడుతుందని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం డాబా మీద ముందు చక్రం కట్టేసి, సంబరం ఆపుకోలేక మెట్ల మీద నిలబడి షాపుకి ఫోన్ చేశారు.

"ముందుదానికి పుల్లలు పెట్టేశానయ్యా! వెనకదానికి రేపు పెడతా. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని బెండు తీస్తా!"

పుల్లలు పెట్టడమంటే సైకిలువాళ్ళకి ఒకటి, తక్కిన లోకానికి మరొకటి. మెట్ల కింద ఉన్న వదినగారు తక్కిన లోకం తాలూకు మనిషి. ముందుది అంటే ముందు వాటాలో ఉన్న తనే! ఆవిడ వారం తర్వాత మొదటిసారి వెనక వాటా తలుపు తట్టారు.

"మనిద్దరికీ ఎందుకు చెడిందో ఇప్పుడు తెలిసిందమ్మా. అంతా మా మరిదిగారు! నాకు పెట్టడం అయిపోయిందట, రేపు నీ వంతట. ఆ పైన బెండు కూడా తీస్తాడట!"

టైలరమ్మ చేతిలో కత్తెర జారిపోయింది. "పొద్దున నన్ను చూసి నవ్వితే ఎంత మంచాయనో అనుకున్నానక్కా!"

ఇద్దరూ కావలించుకున్నంత పని చేసి, నర్సుగారికి ఫోన్ చేశారు. "ఒసేయ్, నువ్వు దగ్గర లేక మీ ఆయన చెడిపోయాడే. ఇళ్ళల్లో పుల్లలు పెడుతున్నాడు. వెంటనే బయల్దేరు!"

శనివారం మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళూ డాబా ఎక్కేసరికి, మాస్టారు తలకిందుల సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, ఎవరి బెండు తీస్తున్నారు?"

ఆదివారం రావలసిన మనిషి ఒకరోజు ముందే ఎదురుగా నిలబడింది. ఆయన సుద్దముక్కతో వెనక చక్రం చూపించారు. "దీనిది."

"మరి ముందుదో?" అన్నారు వదినగారు, కాస్త తగ్గి.

"గోడకి ఆనించాను వదినగారూ."

"అయితే మన మధ్య పుల్లలు పెట్టిందెవరూ?" అంది టైలరమ్మ. ఎవరూ లేరని తేలాక ఇద్దరికీ బట్టల తాడు గుర్తొచ్చింది. పోట్లాడుకుంటూనే మెట్లు దిగిపోయారు.

ఆవిడ చక్రం పక్కన చతికిలబడింది. "అసలీ నెల సెలవు లేదన్నారు. మీకెలా చెప్పాలా అని నిన్నంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. అక్క చెప్పింది విని, కొంప మునిగిందని ఏడిస్తే పంపారు. రేపు మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవాలి."

మాస్టారు ఇంకో పుల్ల బిగించారు. ఆవిడ చక్రం తిప్పుతుంటే ఆయన సుద్దముక్క పట్టుకున్నారు, చీకటిపడే దాకా.

ఆదివారం పొద్దున ఆవిడ ముందు, ఆయన వెనక. చక్రాలు వెంట్రుకవాసి ఊగలేదు, కబుర్లు ఒక్క క్షణం ఆగలేదు. కూడలిలో అలవాటు ప్రకారం ఆవిడ కుడికి, ఆయన ఎడమకి తిరగాలి. ఇద్దరూ కాళ్ళు కింద పెట్టి నిలబడిపోయారు.

"ఏమండీ, సైకిలు నాతో తీసుకెళ్తాను. క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి రోజూ గంట నడక. బాధపడతారని మీకు చెప్పలేదు."

ఇంత లెక్క కట్టిన మనిషికి ఈ సంగతి తట్టనే లేదు. నెలనెలా ఇరవై నిమిషాలు దక్కించుకోవడానికి కట్టిన చక్రాలు ఆవిడతోపాటే వెళ్ళిపోతాయి. ప్రాణం ఉసూరుమంది. అయినా "తీసుకెళ్ళు. ఇకనుంచి నడవకు," అన్నారు.

బస్సు మీద సైకిలు కట్టించి, అది మలుపు తిరిగేదాకా నిలబడి, అటునుంచి అటే షాపుకి వెళ్ళారు.

"ఇంకో జత సామాన్లియ్యవయ్యా."

"మళ్ళీ ఎవరికి మాస్టారూ?"

"నా సైకిలుకే. చక్రం నలభై వేలసార్లు తిరిగితే ఆవిడ గుమ్మం ముందుంటాను. లెక్క చూసుకున్నాను."

"రానూ పోనూనా?" అడిగాడు ముసలాయన.

రావడం గురించి మాస్టారు ఇంకా లెక్క కట్టలేదు.