కిటికీ దగ్గర బావగారు

నాకు డెబ్బై ఆరు నిండాయి. ఇన్నేళ్ళలో కొన్ని వందల కథలు చెప్పాను. ఒక్కదాంట్లోనూ ఒక్క పోగు అబద్ధం కలిపిన పాపాన పోలేదు. మా చిన్నప్పుడు ఓ వేసవిలో బడిగంట ఎండకు కరిగి కారిందని నేనంటే, అది నిజంగానే కారింది. మా పంతులుగారు దాన్ని బకెట్లో పట్టారు. కాబట్టి మా వీధి దర్జీ అరంగుళం కథ కూడా జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

అరంగుళం అతని అసలు పేరు కాదు. ఎవరు ఏ కొలత ఇచ్చినా, "అరంగుళం లోపల వదిలి కుడతానండీ, రేపు ఒళ్ళొచ్చినా పనికొస్తుంది" అంటాడు. ఆ మాటే పేరై కూర్చుంది. పెళ్ళీ గిళ్ళీ లేని మనిషి. ఉన్నదల్లా ఒక అక్క, అక్క మొగుడు, కాలితో తొక్కే పాత మిషను. చేత్తో బొత్తాం కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు మసకలు కమ్మడం మొదలుపెట్టాయి. సూదిలో దారం ఎక్కించడానికి దారిన పోయేవాళ్ళను పిలిచే స్థితికి వచ్చాక, పరాయి దేశం వెళ్ళి రెండేళ్ళు బట్టల కర్ఖానాలో పనిచేశాడు. కాజాలు కుట్టే మిషను ఒకటి కొనుక్కోవాలని అతని ఆశ. ఆ డబ్బు కూడబెట్టుకుని తిరిగొచ్చేసరికి లోకమంతా మహమ్మారి.

విమానం దిగినవాళ్ళు దిగినట్టే పద్నాలుగు రోజులు హోటలు గదిలో ఉండాలి, గడప దాటకూడదు, ఖర్చు ఎవరిది వాళ్ళదే. విమానాశ్రయంలో బోర్డు మీద రోజుకి ఇంత అని రాసి ఉంది. అంకె పక్కన ఒక చిన్న చుక్క గుర్తుంది. అరంగుళం అంకె చూశాడు, చుక్క చూడలేదు. పద్నాలుగుతో హెచ్చవేసుకుంటే మిషనుకు సరిపడా మిగులుతోంది. దాన్ని ఇంటికి చేర్చే బండి కిరాయి కూడా గిట్టుబాటవుతోంది.

మూడోరోజు పొద్దున్నే మొహం కడుక్కుని ఓ పథకం వేసుకున్నాడు. మిగిలిన రోజుల్లో బావగారికని మొదలుపెట్టిన కోటు పూర్తి చేసి, బయటపడిన రోజే అక్క చేతిలో పెట్టాలి. గుడ్డ ఉంది, కత్తెర ఉంది, కొలతలు కాగితం మీద ఉన్నాయి. లేనిదల్లా తొడిగి చూడడానికి ఒక ఒళ్ళు. బావగారి ఛాతీ నలభై నాలుగు, పొట్ట నలభై ఎనిమిది. అరంగుళం తన ఒంటికి తొడుక్కుంటే కోటు లోపల ఇంకొకరికి చోటు మిగిలేది.

గదిలో నిలువెత్తు దీపస్తంభం ఒకటుంది. దానికి రెండు దిళ్ళు, మడతపెట్టిన దుప్పటి కట్టి, టేపుతో కొలిచి, నలభై ఎనిమిది వచ్చేదాకా తువ్వాళ్ళు కూరాడు. పైన కోటు తొడిగాడు. దీపం మీది బుట్ట టోపీలా కుదిరింది. వెలుతురు కావాలి కనక కిటికీ దగ్గర నిలబెట్టాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూస్తే, అచ్చం బావగారే. ఆయనా ఎప్పుడూ మాట్లాడరు.

దర్జీ నోరు కట్టుకుని కొలత తియ్యలేడు. "చేతులు కిందికండీ. ఊపిరి బిగపట్టకండి బావగారూ, మామూలుగా వదలండి" అంటూ పని సాగించాడు. సరిగ్గా అప్పుడే భోజనం తెచ్చే మనిషి డబ్బాను గుమ్మం బయట కుర్చీలో పెట్టాడు. లోపలి మాటలు విన్నాడు. ఊపిరి అన్న మాట వినగానే, ఇంక రెండోసారి తలుపు తట్టకుండా మూడు అంతస్తులు మెట్ల మీదే దిగిపోయాడు.

ఎదుటి వరసలో, సన్నటి పెరటికి అవతల, మరో కిటికీ ఉంది. అక్కడ ఒక రిటైరైన టీచరమ్మ ఒంటరిగా తన పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆవిడ రిసెప్షనుకు ఫోను చేసింది.

"ఎదురుగదిలో కోటాయన పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడమ్మా. పాపం, కుర్చీ వెయ్యండి ఎవరైనా."

"ఆ గదిలో ఉన్నది పొట్టి మనిషి కదండీ, కోటు కూడా లేదు."

"నలభై ఏళ్ళు వెనక బెంచీల్ని కాచినదాన్ని. ఒకడో ఇద్దరో నాకు తెలీదా?"

భోజనం మనిషి వచ్చి చెప్పిందీ, టీచరమ్మ చెప్పిందీ, రెండు సాక్ష్యాలూ కలిశాయి. రిసెప్షన్ అమ్మాయి అరంగుళానికి ఫోను చేసింది.

"సార్, మీ గదిలో ఇంకొకరు ఉన్నారట. కోటు వేసుకున్నాయన ఎవరు?"

"కోటు మా బావగారిదమ్మా. కానీ..."

"ముందే చెప్పాలి కదా సార్! వయసు?"

"అరవై ఒకటి. అది కాదమ్మా, అసలు సంగతేంటంటే..."

"రేపట్నుంచి ఆయనకి వేరే భోజనం వస్తుంది. ఆరోగ్యశాఖ వాళ్ళు ఆయనకీ వేరే ఫోను చేస్తారు."

అసలు సంగతి అరంగుళం నాలుక మీదే ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియాలంటే ఆ ఫోను గురించి తెలియాలి. రోజూ పదింటికి ఒక నర్సమ్మ ఫోను చేసి ఆరు ప్రశ్నలడిగేది. జ్వరమా, దగ్గా, గొంతునొప్పా, ఆయాసమా, వాసన తెలుస్తోందా, రుచి తెలుస్తోందా. మొత్తం నలభై క్షణాలు. రోజు మొత్తంలో ఒక మనిషి అతన్ని ఏదైనా అడగడం అదొక్కటే.

"జ్వరం లేదమ్మా. మీ పిల్లలు బావున్నారా?"

"దగ్గు?"

"దగ్గూ లేదు. పొద్దున మబ్బేసింది చూశారా?"

"గొంతునొప్పి?"

అలాంటి నలభై క్షణాలు ఇప్పుడు ఎనభై అవుతాయి. అరంగుళం దీపస్తంభం వంక చూశాడు. అది అభ్యంతరం చెప్పలేదు.

మర్నాటినుంచి నర్సమ్మ రెండుసార్లు ఫోను చేసింది. రెండోసారి అరంగుళం గొంతు బొంగురు చేసి బావగారయ్యేవాడు. చిత్రమేమిటంటే, సొంతగొంతుతో ఎన్నడూ కుదరని కబుర్లు బావగారి గొంతుతో బ్రహ్మాండంగా కుదిరాయి. మోకాళ్ళ నొప్పన్నాడు, హోటలు దిండు రాయిలా ఉందన్నాడు, బావమరిది రోజంతా వాగి చంపుతున్నాడన్నాడు. నర్సమ్మ నవ్వింది. ఆ నవ్వు విని అరంగుళానికి బావగారి మీద కొంచెం కుళ్ళు పుట్టింది.

"మీ బావగారు భలే సరదా మనిషండీ" అంది ఆమె మర్నాడు. "మీరే కాస్త ముభావం."

రెండు భోజనాలూ తనే తిన్నాడు. వృథా చెయ్యడం అతనికి చేతకాదు. పదోరోజుకి అతని పొట్టే బావగారి కోటు దారి పట్టింది. తన చొక్కాలో వదిలి పెట్టుకున్న అరంగుళం అక్కరకొచ్చింది. కానీ తిన్న కొద్దీ బెంగ పెరిగింది. ఇద్దరి భోజనం, ఇద్దరి ఫోను అంటే బిల్లూ ఇద్దరిదే కదా! రెండింతలు కడితే మిషను మాట మరిచిపోవలసిందే. ఆ కళ్ళతో మళ్ళీ సూదీ దారమూ.

పన్నెండోరోజు రిసెప్షన్ నుంచి కబురొచ్చింది. సాయంత్రం పరీక్షకు వస్తారు. ఇద్దరూ ముక్కులు సిద్ధంగా పెట్టుకోవాలి.

అరంగుళం ఒప్పేసుకున్నాడు. "అమ్మా, తప్పయిపోయింది. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. అది దీపం."

"ఏది దీపం?"

"బావగారు."

"సార్, రోజూ రెండు డబ్బాలూ ఖాళీ అయ్యే వస్తున్నాయి. నర్సమ్మ ఆయనతో రోజూ మాట్లాడుతోంది. నిజం చెప్పండి, ఆయన పారిపోయారా?"

పారిపోయాడేమోనన్న అనుమానం పుట్టాక హోటల్లో ఎవరికీ కాలు నిలవలేదు. భోజనం మనిషి, నాలుగు రోజులుగా ఆయాసం వినబడ్డంలేదు సుమా అన్నాడు. టీచరమ్మకు ఫోను చేస్తే, "లేడేం, ఇప్పుడూ నిలబడే ఉన్నాడు. పదిరోజులుగా పొద్దున్నే చెయ్యి ఊపుతున్నా, తిరిగి ఊపడు. ఒట్టి పొగరు మనిషి" అంది. చివరికి అరంగుళం రాసిచ్చిన కాగితంలో అక్క నంబరు దొరికింది.

"మీవారు ఎక్కడున్నారండీ?"

"ఇక్కడే, కుర్చీలో పేపరు చదువుతున్నారు."

"మరి ఇక్కడ కిటికీ దగ్గర ఉన్నారంటున్నారు?"

అక్క కుర్చీవైపు అనుమానంగా చూసింది. "ఏమండీ! మీరు ఇక్కడే ఉన్నారా?" బావగారు పేజీ తిప్పారు. "పలకరమ్మా, ఎప్పుడూ అంతే. అక్కడున్నాయన పలుకుతున్నాడా? అయితే ఆయన్ని పంపించెయ్యండి, ఈయన్ని తీసుకెళ్ళండి" అని ఫోను పెట్టేసి, వెంటనే తమ్ముడికి చేసింది. "ఒరేయ్, ఏం చేశావురా మీ బావని?"

సాయంత్రం తల నుంచి కాలిదాకా తెల్లటి ముసుగుల్లో ముగ్గురు వచ్చారు. మంచం కింద చూశారు, స్నానాలగదిలో చూశారు. ఒకాయన కోటు బొత్తాం విప్పి దిండు లాగి చూశాడు. అరంగుళం చేతులు కట్టుకుని, "చేతుల దగ్గర ఇంకా కుట్టు పూర్తి కాలేదండీ" అన్నాడు. వాళ్ళు కాగితం మీద 'మనిషి ఒకరు, దీపం ఒకటి' అని రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టారు. తాను ఒంటరివాడినని మూడు సంతకాలతో రుజువైనందుకు అరంగుళానికి ప్రాణం లేచొచ్చింది. మిషను దక్కింది.

పద్నాలుగోరోజు బిల్లు చేతికొచ్చింది. బోర్డు మీద చూసినదానికి ఒకటిన్నర రెట్లుంది. అరంగుళం రిసెప్షనుకు ఫోను చేశాడు.

"ఇదేంటమ్మా? నేనొక్కణ్ణేనని తేలింది కదా?"

"అందుకే సార్. గదిలో ఒక్కరే ఉంటే సగం అదనం. బోర్డు మీద చుక్క పెట్టాం కదా." ఆ అమ్మాయి ఫోనులో గొంతు తగ్గించింది. "అరవై దాటినవాళ్ళకి తోడుగా ఉంటే పెద్దాయనకి ఉచితం, తోడున్నవారికి మామూలు రేటు. మీ బిల్లు మొన్నటిదాకా అలాగే ఉంది. మీరే బతిమాలి మార్పించుకున్నారు."

"మళ్ళీ మార్చడానికి..."

"మూడు సంతకాలున్నాయి సార్."

అరంగుళం కాసేపు దీపస్తంభం పక్కన కూర్చున్నాడు. తర్వాత మిషను డబ్బులోంచి లెక్కపెట్టి కట్టేశాడు. బయల్దేరే ముందు, పదింటికి అలవాటుకొద్దీ ఫోను మోగింది. "మీకు పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి, ఇంక ప్రశ్నల్లేవు" అంది నర్సమ్మ. కాస్త ఆగి, "బావగారిని అడిగానని చెప్పండి" అంది. అప్పటికింకా ఆమెకెవరూ చెప్పలేదు. "చెబుతానమ్మా" అన్నాడు అరంగుళం, సొంతగొంతుతోనే.

కోటు మడతపెట్టబోయి, ఏం తోచిందో తనే తొడుక్కున్నాడు. సరిగ్గా దీపం నిలబడ్డ చోట నిలబడి, ఎదుటి కిటికీవైపు చెయ్యి ఎత్తి ఊపాడు. అవతల టీచరమ్మ ఉలిక్కిపడింది. కళ్ళజోడు సవరించుకుంది. తర్వాత ఆవిడా చెయ్యి ఊపింది, చాలాసేపు.

అక్షరం కల్పించనని మొదట్లో గొప్పలు పోయాను గదా. ఒక్కటి కల్పించాను. బడిగంట సంగతి కాదు, అది నిజంగానే కారింది. టీచరమ్మ చెయ్యి ఊపలేదు. ఆవిడ గడువు ముందురోజే పూర్తయింది. అవతల కిటికీలో ఎవరో దుప్పట్లు మారుస్తున్నారట. అంతవరకే అతను నాకు చెప్పింది, మిగతాది నేను తగిలించాను. అరంగుళం కొట్లో కూర్చుని నేను ఎన్నిసార్లు ఈ కథ చెప్పినా, ఆ చోటుకి వచ్చేసరికి అతను కాజా కుడుతున్న సూది ఆపి తలెత్తుతాడు. కోటుకైనా కథకైనా అరంగుళం లోపల వదిలిపెట్టాలని నాకు నేర్పింది అతనే.