అవి, నీతి, మధ్యలో ఖాళీ

లోకంలో మనిషిని నిలబెట్టేది ఖాళీ జాగా ఒక్కటే! ఈ మహాసత్యాన్ని నాకు లాటెక్ నేర్పింది.

లాటెక్ అంటే పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లు పుస్తకాలను అచ్చుకు తయారుచేసుకునే కంప్యూటర్ పద్ధతి. మా కాలేజీ కరస్పాండెంటు శేషయ్యగారికి వేరుశనగ బేరం తెలుసు గానీ లాటెక్ తెలియదు. అయినా తన షష్టిపూర్తి సంచిక అందులోనే రావాలని పట్టుబట్టారు. వర్డులో చేస్తే పెళ్లిపత్రికలా ఉంటుందట! ఆ విద్య తెలిసినవాణ్ణి, లెక్కల లెక్చరర్ని, నేనొక్కణ్ణే దొరికాను. పుస్తకం బాగా వస్తే నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు చేస్తానన్నారు. ఆ ఆర్డరు లేకపోతే ఏటా జూన్ వచ్చేసరికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని బతుకు నాది.

పెద్దల అభినందనలన్నీ శేషయ్యగారే చెప్పి రాయించారు. పాపం, పెద్దలకు తీరిక ఉండదు కదా! ప్రతి అభినందనా ‘దానశీలి శ్రీ శేషయ్యగారి పనులున్నాయే, అవి’ అని మొదలు కావాలన్నారు. అన్నిసార్లు టైపు చేయలేక ఆ మాటలన్నిటికీ కలిపి ఒక పొట్టిపేరు పెట్టాను. దాన్నే మాక్రో అంటారు. పొట్టిపేరు కొడితే చాలు, అచ్చులో మాటలన్నీ పడతాయి. దాని వెనక ఖాళీ వదిలి ‘నీతికి నిలువుటద్దాలు’ అని కొట్టాను. తెర మీద ఖాళీ కనబడుతోంది కదా అని నిశ్చింతగా ప్రెస్సుకు పంపాను. వెనకున్న ఖాళీని మింగేసే దురలవాటు మాక్రోకు ఉందని మరిచాను. పక్కన ఒక జత ఖాళీ బ్రాకెట్లు పెట్టి ఉంటే మింగేది కాదు.

సభలో తెలుగు లెక్చరర్ లావణ్య మైకు అందుకుని గంభీరంగా చదివింది.

“దానశీలి శ్రీ శేషయ్యగారి పనులున్నాయే, అవినీతికి నిలువుటద్దాలు.”

చప్పట్లు మోగాయి. ఒక్కరికీ తప్పనిపించలేదు! చివరి వరుసలో నేను మాత్రం సంచిక తెరిచి ఆ పేజీ వెతికాను.

సభ కాగానే శేషయ్యగారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు. పేజీ చూపించి ఇదేందని అడిగారు.

“ఖాళీని మింగేసింది సార్” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. “ఏ ఖాళీ? రాప్తాడు కాడ వంక పోరంబోకా?”

వంక పోరంబోకు అంటే వాగు పారే సర్కారు భూమి. దాని ఊసే నాకు తెలియదు. నా బాధంతా మాక్రో గురించే.

“వెనక ఖాళీ కనబడితే మింగేస్తుంది సార్. దాని గుణమే అంత.”

“వెనకాలది గూడా తెలిసిపోయినాదా?” ఆయన కుర్చీలో కూలబడ్డారు. “ఆ జాగా నేనొక్కణ్ణే మింగినానా అప్పా? ఈడ వేదిక మీద కూచున్నోళ్లకంతా తలా ఒక ప్లాటు ఇచ్చినా. నీకెవురు చెప్పినారు?”

తప్పు దిద్దుదామని ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. దాన్ని ఆయన బేరమనుకున్నారు. సాయంత్రానికి పర్మినెంటు ఆర్డరుతో పాటు వంక పక్కన ఒక ప్లాటు కూడా నా పేరున వచ్చింది. పెద్దమనిషి ఇస్తే కాదనకూడదని రెండూ తీసుకున్నాను.

రెండో ముద్రణలో బ్రాకెట్లు పెట్టి తప్పు దిద్దాను. ఎవరైనా చూసుకోవచ్చు. మా పుస్తకంలో ఇప్పుడు అవి వేరు, నీతి వేరు.