రెండో కుళాయికి బదులు ఒక గ్రాఫు

నిన్న పొద్దున ఇత్తడి బిందెను బూడిదతో తోముతున్నాను. కడగడానికి కుళాయి ఇంకా రాలేదు కాబట్టి తోమడానికి బోలెడంత తీరిక. ఆ తీరికలోనే నాకు సత్యం బోధపడింది: గోపాలపట్నంలో మా వీధికి కావలసింది రెండో కుళాయి కాదు, గీతల గ్రాఫు!

నవ్వకండి. ఉన్న ఒక్క కుళాయి దగ్గర ఏ ఇంటివాళ్లు ఎన్ని నిమిషాలు నిలబడుతున్నారో లెక్క తీసి పంపితే రెండో కుళాయి సంగతి తేలుస్తామని నేను పనిచేసే నీళ్ల ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. నలభై ఆరు ఇళ్లు. లెక్క రాసిందీ నేనే, గ్రాఫు గీసిందీ నేనే.

మొదట నిలువు పట్టీలు గీశాను. తప్పు! అవి అచ్చం క్యూలో మనుషుల్లాగే, పొట్టీ పొడుగూ, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డాయి. చూసినవాళ్లకు జాలి పుట్టదూ? అదే చుక్కలు పెట్టి గీతతో కలిపితే మన సముద్రపొడ్డు డాల్ఫిన్ నోస్ కొండలా కంటికి హాయి. దీన్ని పౌనఃపున్య బహుభుజి అంటారు. ఆ పేరు పలికేలోపు చెంబు నిండుతుంది, కుళాయి వస్తే.

ఇందులో సమానత్వం కూడా ఉంది. ముప్పై నిమిషాల లోపు వాళ్లందరిదీ ఒక తరగతి; వాళ్లందరికీ కలిపి సరిగ్గా మధ్యన, పదిహేను దగ్గర, ఒకటే చుక్క. కుళాయి పక్కింట్లో ఉన్న నేను రెండు నిమిషాలే నిలబడతాను. వీధి నడిమింటి వరహాలమ్మగారు ఇరవై తొమ్మిది. గ్రాఫులో ఇద్దరం పదిహేనే! ఇంత సమానత్వం ఏ పార్టీ ఇచ్చింది?

చిక్కల్లా చివరి ఏడిళ్లతోనే వచ్చింది. వాళ్ల తరగతి "తొంభై నిమిషాల పైన". మా ఆఫీసరు సీతారామాంజనేయులుగారు కళ్లజోడు పైకి నెట్టారు.

"పైన అంటే ఎంతవరకమ్మాయ్? హద్దు లేనిదానికి మధ్యెక్కడ? మధ్య లేకపోతే చుక్కెక్కడ పెడతావు? గీత నేలకి దించెయ్. చూట్టానికీ బావుంటుంది."

దించాను. కొండ వెళ్లి సముద్రంలో దిగింది. సముద్రంలో ఎవరైనా కాపురముంటారా?

నెల తిరక్కుండా పైనుంచి జవాబొచ్చింది: తొంభై నిమిషాలు దాటి నిలబడేవారెవరూ లేరు గనుక రెండో కుళాయి అనవసరం. చూశారా! ఒక్క గొయ్యి తవ్వకుండా, ఒక్క గొట్టం వేయకుండా ఏడిళ్ల దాహం తీరిపోయింది!

ఇలా మురిసిపోతూ బిందె తోముతుండగా చివరింటి గంగాలమ్మ ఖాళీ బిందెతో వచ్చింది.

"ఏటమ్మా, కొళాయి ఏత్తారా, ఎయ్యరా? రోజూ రెండు గంటలు నిల్సుంతన్నాను. నడుం పడిపోతంది."

నోటితో చెప్పే ధైర్యం లేక గ్రాఫు నకలు తెచ్చి గచ్చు మీద పరిచాను. గంగాలమ్మకు చదువు రాదు. కానీ చుక్కలు కలపడం తెలుసు. మా వీధిలో పెద్ద ముగ్గులన్నీ ఆమె చేతివే. వేలితో గీత వెంబడి కొండెక్కింది, దిగింది, నేల దగ్గర ఆగింది.

"బాగానే గీసినావు. మరి ఇందల నానెక్కడ నిల్సున్నాను?"

నేను కాగితం అంచు దాటించి వేలు పెట్టాను. అక్కడ మా గచ్చు ఉంది.

గంగాలమ్మ ఆ గచ్చు వంక చూసింది. బూడిద పూసుకున్న నా బిందె వంక చూసింది. తన బిందె చంకనెత్తుకుని, గుమ్మం దాటి క్యూ చివరికి వెళ్లిపోయింది.