డమ్మీ పల్లవి

ఆ ఉదయం టోన్యే పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా ఒక బాణీ కట్టి, కొత్తగా వచ్చిన గాయనికి పంపాలి. లాగోస్‌లో, సురులేరే పేటలో అతని స్టూడియో. గాయని ఇరేటీ హిట్ ఆల్బములు మూడూ అక్కడే పుట్టాయి. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మింగాలో టోన్యేనే చెప్పేవాడు. చివరికి ఆమె "నీ చెయ్యి పడకపోతే నా గొంతెలా ఉంటుందో చూసుకుంటా" అని పెద్ద కంపెనీకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఎవరు పాడినా అతని చెవికెక్కడం లేదు. ఫోన్ చేద్దామని రోజూ అనుకుంటాడు. పంతం, చెయ్యడు.

మాటలు కుదరని బాణీకి నోటికొచ్చిన డమ్మీ పల్లవి పెట్టి పాడటం అతని అలవాటు. మొన్న కరెంటు కోతల మీద పాడాడు. ఇవాళ మైకు ముందు కళ్ళు మూసుకోగానే వచ్చింది ఇది: "ఇరేటీ, వచ్చెయ్యవే, అకారా వడ చల్లారిపోతోంది, నువ్వు లేక ఇల్లు మూగబోయింది!" పాడి ముక్కు చీదుకున్నాడు.

"ఓగా, పంపేశా" అన్నాడు, యజమానిని ఎప్పుడూ అలాగే పిలిచే సౌండ్ ఇంజనీరు ఎఫియోం.

"కొత్తమ్మాయికేగా?"

"అయ్యో, పాటలో ఇరేటీ పేరుంటే మీరిద్దరూ కలిసిపోయారనుకున్నా! ఆవిడ పాత బృందం ఫోన్ గ్రూపులో పెట్టేశా."

"నీ కొంప మునగ! తీసెయ్యి!"

"డోలు వాయించే అకిన్ వినేశాడు ఓగా. ఏడుపు బొమ్మ కూడా పెట్టాడు."

కాసేపట్లో అకిన్ డోలు చంకన పెట్టుకుని దిగాడు. వెనకే కోరస్ ఆడవాళ్ళు. "కలిసిపోయారటగా! మాకు ముందే చెప్పొద్దూ?" అని ఒకటే సందడి. కాదందామని టోన్యే నోరు తెరిచాడు. అలా అంటే ఆ పాట ఎందుకు పాడాడో చెప్పాలి. నోరు మూసుకున్నాడు. ఇంతలో పూటకూళ్ళ పెద్దావిడ మామా రిసి గుండిగతో వచ్చింది. "ఇరేటీ పాప వస్తోందటగా! దానికి జొలోఫ్ అన్నంలో కారం దండిగా ఉండాలి" అంటూ అక్కడే పొయ్యి వెలిగించింది. అకిన్ బావమరిది రేడియోలో పనిచేస్తాడు. ఇరేటీ టోన్యే దగ్గరికి తిరిగొచ్చిందని అతగాడు ఆ పాట కూడా వేసి ఊరంతటికీ చాటేశాడు. వీధి జనంతో నిండిపోయింది. ఆగిపోయిన వ్యాన్ల కండక్టర్లు అకారా పల్లవి అందుకున్నారు.

టోన్యే మెట్ల మీద కూలబడ్డాడు. తనను రప్పించడానికి ఇంత నాటకమాడానని ఇరేటీ అనుకుంటుంది. ఎప్పటికైనా వస్తుందన్న ఆశ కూడా ఇవాళ్టితో సరి.

అంతలో జనం పక్కకు జరిగారు. ఇరేటీ! ఇంట్లో తిరిగే చెప్పులతోనే వచ్చేసింది. ముఖం కందగడ్డలా ఉంది.

"రేడియోలో చెప్పించింది నువ్వేనా?"

"కాదు."

"ఈ జనం?"

"నేను పిలవలేదు."

"మరి ఆ పాట?"

టోన్యే తల దించుకున్నాడు. "అది నేనే. నువ్వు లేకపోతే నాకేమీ తోచట్లేదు ఇరేటీ."

ఆమె తిన్నగా లోపలికి వెళ్ళి అతని కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. "మైకు ముందుకి నడు. రెండో లైన్లో శ్రుతి తప్పావు. ఊపిరి అక్కడ తీసుకుంటారా ఎవరైనా?"

"నేను పాడటమేంటి? నాదీ ఒక గొంతేనా?"

"అది నాకొదిలెయ్. రేపు మా కంపెనీలో నా రికార్డింగుంది. ఇది సరిగ్గా వచ్చిన నిమిషం వెళ్ళిపోతా."

పాడాడు. తిట్లు తిన్నాడు. మళ్ళీ పాడాడు. తిట్టించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. చివరికి పాట ముత్యంలా వచ్చింది. ఆ సంగతి అతనికీ తెలిసిపోయింది. ఇక ఆమె వెళ్ళిపోతుంది.

"బాగా రాలేదు కదూ?" అన్నాడు భయంభయంగా.

దోమ శ్రుతి తప్పినా పట్టేసే ఇరేటీ అద్దం వెనక నుంచి అతన్ని చాలాసేపు చూసింది.

"అస్సలు రాలేదు. మళ్ళీ పాడు."

మర్నాటి సాయంత్రానికి కూడా ఆ మూడు లైన్లూ వాళ్ళకు కుదరలేదు.