కట్టెలు తెచ్చినవాడి గెలుపు

'ఒక పెద్ద అడవిలో' అనే మొదలుపెట్టాలి. కాకపోతే దక్షిణాఫ్రికాలో ఈ కథ జరిగిన చోట చెట్లకంటే రాళ్లెక్కువ, రాళ్లకంటే దుమ్మెక్కువ. అయినా అక్కడి జంతువులు దాన్ని అడవనే అనేవి కాబట్టి మనమూ అలాగే అందాం.

ఆ దేశంలో ఖోయి జనం నక్కా దుమ్ములగొండీ కథల్ని తరతరాలుగా నోటితోనే చెప్పుకున్నారు. తర్వాత అవి, ఓడల్లో వచ్చి స్థిరపడ్డవాళ్ల ఆఫ్రికాన్స్ భాషలో పిల్లల పుస్తకాల్లోకి ఎక్కాయి. అది మనుషుల సంగతి. జంతువుల్లో ఇదే పని ఎలా జరిగిందో నేను చెబుతాను.

అడవిలో కథలు చెప్పేది తాబేలవ్వ. సాయంత్రం చలిమంట ముందు కూర్చుని చెప్పేది. ఆమెకో పద్ధతి ఉంది. ఆ రోజు మంటకు కట్టెలు ఎవరు తెస్తే కథలో వాళ్లే గెలుస్తారు. ముసలి ప్రాణం, తను పోయి ఏరుకురాలేదు మరి.

ఈ కిటుకు అందరికంటే ముందు కనిపెట్టింది నక్క. రోజూ సన్నదో లావుదో ఒక పుల్ల నోట కరుచుకుని హాజరయ్యేది. రోజూ కథలో గెలిచేది. ఏళ్లు గడిచేసరికి, తను గెలుస్తున్నది పుల్ల వల్ల కాదు, తెలివి వల్లేనని నమ్మేసింది.

ఆ రోజుల్లో ఓడ దిగి వచ్చిన గొర్రెలు అక్కడ బడి పెట్టాయి. వాటి వాచకాల నిండా మంచూ, ఎలుగుబంట్లూ. ఆ రెంటినీ గొర్రెపిల్లలు ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. పాఠం మొదలవగానే ఆవలించేవి.

బడి పెద్ద పొట్టేలు సభ పిలిచింది. "మన పిల్లలకు ఈ నేల కథలు కావాలి" అంది. కథల సంఘం పుట్టింది. కార్యదర్శి నక్క. రాసేందుకు ఏదుపందిని పెట్టుకున్నారు, దాని ఒంటి ముల్లే కలంగా పనికొస్తుందని.

"అట్ట మీద ఎవరి పేరు వేయమంటారు?" అని అడిగింది ఏదుపంది.

"సేకరణ, కూర్పు, పరిశీలన: నక్క అని వెయ్యి."

"మరి అవ్వ పేరండీ?"

"నోటి కథలకి పేర్లెక్కడుంటాయయ్యా. అవి గాల్లోంచి వస్తాయి" అంది నక్క.

పొట్టేలు తలూపింది. అవ్వను సభకు పిలవలేదు కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదని కూడా రాసుకున్నారు.

నక్క మనసులో ఉన్నది ఒక్కటే. మంట దగ్గర గెలుపు తెల్లారేసరికి చల్లారిపోతుంది. అచ్చులో గెలిస్తే మునిమనవల కాలందాకా తెలివైనదన్న పేరు నిలుస్తుంది. ఆ ఆశతో వారం రోజులు దానికి తిండి సయించలేదు.

కథ రాసుకునే రోజు వచ్చింది. కార్యదర్శి హోదాలో ఉండి పుల్లలు మోస్తే ఏం బావుంటుందని నక్క దుమ్ములగొండిని కేకేసింది.

"ఒరే, ఆ కట్టెల మోపు ఎత్తుకుని నా వెనకాల రా."

"అట్టాగే నక్కబావా. కతలో నన్ను మరీ ఎక్కువ తన్నించొద్దని అవ్వకి కూసింత సెప్పు" అంది దుమ్ములగొండి. మోపు ఎత్తుకుని బయల్దేరింది.

అవ్వ ఆ మోపు చూసింది. దాని కింద ఒగరుస్తున్న వీపునూ చూసింది. "ఇన్నాళ్లకి నువ్వు తెచ్చావా నాయనా" అని నవ్వింది.

ఉష్ట్రపక్షి గుడ్డు కథ ఎత్తుకుంది. రోజూ అందులో నక్క మాట నమ్మి దుమ్ములగొండి గుడ్డు మీద కూర్చుని పాటపాడేది. పాడితే గుడ్డు పెద్దదవుతుందని నక్క చెప్పేది. పాట విని తల్లిపక్షి వచ్చి ఒక్క తన్ను తన్నేది, నక్క గుడ్డుతో ఉడాయించేది. ఆ సాయంత్రం మాత్రం పాడింది నక్క. తన్ను తిని ముళ్లపొదలో పడ్డదీ నక్కే.

నక్క ఇదేమీ వినలేదు. అట్ట మీది బొమ్మలో తన తోక ఎటు తిరిగి ఉండాలో పొట్టేలుకి వివరిస్తోంది. చుట్టూ జంతువులు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, దుమ్ములగొండి మీదే నవ్వుతున్నాయనుకుని వినయంగా తల వంచింది.

"ఒకసారి చదివి వినిపించమంటారా?" అంది ఏదుపంది.

"నా కథ నాకు తెలియదటయ్యా? ఇటియ్యి" అని నక్క పేజీ పేజీకీ సంతకం పెట్టింది.

పుస్తకం వచ్చింది. ఓడ దిగినవాళ్లకు దుమ్ములగొండిని చూస్తే తమ దేశపు తోడేలే గుర్తొచ్చింది కాబట్టి అచ్చులో దాన్ని తోడేలనే వేశారు. దుమ్ములగొండికి ఎవరో చదివి వినిపిస్తే, "ఎవరో తోడేలంట, గెలిసింది. పోన్లే, మంచిదే" అని సంతోషించింది.

నక్క మాత్రం బయట తలెత్తుకోలేకపోయింది. ఏ దారిన పోయినా గొర్రెపిల్లలు వెంటపడేవి. "నక్కగారూ, గుడ్డు మీద పాడిన పాట ఒకసారి పాడరూ" అనేవి.

చివరికి ఒక సాయంత్రం తన బరువుకి రెండింతల మోపు తనే మోసుకుని నక్క అవ్వ దగ్గరికి వచ్చింది. ఎందుకో అవ్వకు చెప్పక్కర్లేకపోయింది. గొర్రెపిల్లల్ని కూర్చోబెట్టి, నక్క గెలిచేలా కథ మళ్లీ చెప్పింది.

సగంలోనే ఒక గొర్రెపిల్ల పుస్తకం తెరిచింది. "అవ్వా, తప్పు చెబుతున్నావు. ఇందులో అలా లేదు."

వందేళ్లుగా చెబుతున్న కథను ఆమె తప్పు చెప్పడం అదే మొదటిసారి. అవ్వ మెల్లగా తల డిప్పలోకి లాక్కుంది. అది చూసి నక్కకు నిజంగానే గుండె కలుక్కుమంది.

"ఆ కథ అవ్వదేనర్రా. ఆమె ఎలా చెబితే అలాగే" అంది నక్క.

గొర్రెపిల్ల అట్ట తిప్పి చూపించింది. "ఇక్కడ అవ్వ పేరే లేదండీ. మీదే ఉంది. సంతకం కూడా మీదే."

నీతి: అవ్వ కథను కాజేయదలిస్తే నిరభ్యంతరంగా కాజేయండి గానీ, కట్టెలు మాత్రం మీరే మోసుకెళ్లండి.